వేగానికి కళ్ళెం వేసిన అంధ ఇంజనీరు

సంతకు వెళ్ళి రాత్రివేళ తిరిగి వచ్చే బండివాడు దారిలో కాస్త కునుకు తీసినా, ఎడ్లు బండిని క్షేమంగా ఇంటికి చేర్చేవని మన పెద్దలు చెబుతూ ఉంటారు. ముందు మరో బండి మెల్లగా పోతుంటే ఎడ్లు కూడా అడుగు తగ్గిస్తాయి. ఆ బండి పక్కకు తప్పుకుంటే మళ్ళీ తమ నడక అందుకుంటాయి. దారికి అడ్డంగా ఏదైనా కనబడితే ఆగిపోతాయి. ఈ చిన్న పనిని కారుకు నేర్పడానికి మనిషికి నూరేళ్ళకు పైగా పట్టిందంటే నమ్మండి.

ఇప్పుడు కొత్తగా వస్తున్న కార్లలో చాలావాటికి అడాప్టివ్ క్రూయిజ్ కంట్రోల్ అనే ఏర్పాటు ఉంటోంది. డ్రైవరు తనకు కావలసిన వేగమేదో నిర్ణయించి మీట నొక్కితే చాలు, కారు ఆ వేగంతో తనంతట తాను పోతుంది. ముందున్న వాహనం నెమ్మదిస్తే తానూ నెమ్మదిస్తుంది. దారి ఖాళీ కాగానే మళ్ళీ పుంజుకుంటుంది. ఎక్సలరేటరు మీద కాలు పెట్టవలసిన పని లేదు.

దీనికి పునాది వేసింది ఎవరయ్యా అని అడిగితే వచ్చే జవాబు విని ఎవరైనా ఒక్క క్షణం ఆగవలసిందే. కారు వేగాన్ని స్థిరంగా ఉంచే యంత్రాన్ని ఈనాడు మనకు తెలిసిన రూపానికి తెచ్చిన మనిషికి కారు కనబడదు, రోడ్డు కనబడదు, స్పీడోమీటరు ముల్లూ కనబడదు. ఐదేళ్ళ వయసులోనే చూపు పోగొట్టుకున్న అమెరికన్ ఇంజనీరు ఆయన. పేరు రాల్ఫ్ టీటర్. ఇంజనీరింగు విద్యార్థులం క్రూయిజ్ కంట్రోల్ గురించి పరీక్షలో రాస్తాం గాని, ఈ మనిషి కథ మనకు ఏ పాఠంలోనూ తగలదు. అందుకే ఈ నాలుగు మాటలు.

హేగర్స్‌టౌన్ కుర్రాడు

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో హేగర్స్‌టౌన్ అనే చిన్న ఊరు. అక్కడ 1890 ఆగస్టు 17న రాల్ఫ్ పుట్టాడు. టీటర్లది పనిముట్ల మధ్య బతికే కుటుంబం. పినతండ్రులు, పెదతండ్రులు, వాళ్ళ పిల్లలు అందరూ కలిసి ఏదో ఒక యంత్రం విప్పుతూ బిగిస్తూ ఉండేవారు. చార్లెస్ టీటర్ రైలు పట్టాల మీద తొక్కుకుంటూ పోయే ఒక సైకిలు కనిపెట్టాడు. రైల్వే మేస్త్రీలు దాని మీద కూర్చుని పట్టాలు తనిఖీ చేసుకునేవారు. ఆ సైకిళ్ళు తయారు చేయడానికే 1895లో ఆ కుటుంబం వాళ్ళు ఒక కంపెనీ పెట్టారు.

అలాంటి ఇంట్లో పిల్లవాడి చేతికి బొమ్మకు బదులు పనిముట్టు దొరకడంలో వింతేముంది? ఐదేళ్ళ రాల్ఫ్ కత్తితో ఏదో చేస్తుండగా అది జారి కంటికి గుచ్చుకుంది. ఒక కన్ను పోయింది. అంతటితో ఆగితే అదృష్టమే అనుకోవచ్చు. కాని దెబ్బ తిన్న కంటిని చూసి రెండో కన్నూ జబ్బు పడే స్థితి ఒకటుంది. ఒక కంటికి లోతైన గాయమైనప్పుడు శరీరంలోని రక్షణ శక్తులే పొరబడి బాగున్న కంటి మీద దాడి చేస్తాయి. ఈనాడు దాన్ని అదుపు చేసే మందులున్నాయి. ఆనాడు లేవు. ఏడాది తిరక్కుండానే పిల్లవాడికి పూర్తిగా చీకటి అయింది.

ఇక్కడ ఆ తల్లిదండ్రులు చేసిన పని గమనించాలి. వాళ్ళు పిల్లవాణ్ణి మూల కూర్చోబెట్టలేదు. అయ్యో పాపం అనే మాట ఇంట్లోకి రానివ్వలేదు. పనిముట్లు లాగేసుకోలేదు. ఏ పనిముట్టు వల్ల చూపు పోయిందో అలాంటి పనిముట్లే మళ్ళీ చేతికిచ్చారు. ఎంత గుండె నిబ్బరం ఉంటే ఈ పని చేయగలరో కన్నవాళ్ళకే తెలుస్తుంది. ఆ ఇంట్లో అంధత్వం గురించి మాట్లాడుకోవడమే అరుదు. పెద్దయ్యాక రాల్ఫ్ కూడా ఆ విషయం ఎత్తేవాడు కాదు.

వేళ్ళతో తడిమి, చెవితో విని, కొలత మనసులో పెట్టుకుని అతను యంత్రాలు నేర్చుకున్నాడు. పన్నెండేళ్ళ వయసులో బంధువుల కుర్రాడితో కలిసి సొంతంగా ఒక మోటారు బండి తయారు చేశాడు. అది 1902. అప్పటికి అమెరికాలోనైనా కారు అనేది ఊరికొకటి ఉంటే గొప్ప. పన్నెండేళ్ళ పిల్లవాడు బండి చేశాడని పత్రికలో వార్త కూడా వచ్చింది. తమాషా ఏమిటంటే, ఆ పిల్లవాడికి చూపు లేదన్న సంగతి ఆ వార్తలో లేనే లేదు.

తలుపు తట్టిన విద్యార్థి

హైస్కూలు చదువు అయింది. ఇంజనీరింగు చదవాలి. ఇంట్లో వాళ్ళు సరేనన్నారు. ఊళ్ళో వాళ్ళూ సరేనన్నారు. ఇక కాలేజీలు సరేననాలి గదా. చూపు లేని కుర్రాడు డ్రాయింగు ఎలా గీస్తాడు, లేబొరేటరీలో రీడింగు ఎలా తీస్తాడు అనే ప్రశ్నలు ఎదురయ్యాయి. ఆ ప్రశ్నలు న్యాయమైనవే అనిపిస్తాయి. కాని అడిగేవాళ్ళు జవాబు కోసం అడుగుతున్నారా, తలుపు మూయడానికి అడుగుతున్నారా అన్నదే తేడా.

చివరకు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం తలుపు తెరిచింది. అక్కడే పై చదువు చదువుతున్న ఒక బంధువు అతని తరఫున మాట్లాడి సాయపడింది. రాల్ఫ్ మెకానికల్ ఇంజనీరింగులో చేరాడు. పుస్తకాలు ఎవరో ఒకరు చదివి వినిపించాలి. విన్నది విన్నట్టు మనసులో నిలుపుకోవాలి. లెక్క మనసులోనే వెయ్యాలి. బొమ్మలో ఉన్న యంత్రాన్ని తల లోపల కట్టుకుని, దాన్ని తిప్పి చూసుకోవాలి. మనమైతే పరీక్ష ముందు రాత్రి నోట్సు పోయిందంటేనే బెంబేలెత్తిపోతాం. అతనికి నాలుగేళ్ళూ నోట్సు లేదు. 1912లో పట్టా పుచ్చుకుని బయటికి వచ్చాడు.

పెన్సిల్వేనియా వారు ఆయన మీద జాలిపడి పట్టా ఇచ్చారని ఎవరైనా అనుకుంటే, ఆ అనుమానం తీరడానికి ఆరేళ్ళు కూడా పట్టలేదు.

వేలికొసల చూపు

మొదటి ప్రపంచ యుద్ధకాలం. న్యూజెర్సీ రాష్ట్రంలోని కామ్డెన్‌లో పెద్ద ఓడల కార్ఖానా ఉంది. అక్కడ నౌకాదళానికి డిస్ట్రాయర్లనే వేగమైన యుద్ధనౌకలు కడుతున్నారు. వాటిని నడిపేవి ఆవిరి టర్బైన్లు. ఆ టర్బైన్ల రోటర్లతో పెద్ద చిక్కు వచ్చిపడింది. తిప్పితే అదురుతున్నాయి.

ఎందుకు అదురుతాయో మనలో ఇంజనీరింగు చదవని మిత్రులకు కూడా అర్థమయ్యేట్టు చెప్పుకుందాం. ఒక రోటరులో ఎక్కడో ఒక చోట, ఇరుసు నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో, కేవలం 10 గ్రాముల బరువు ఎక్కువగా ఉందనుకోండి. కదలకుండా ఉన్నప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోరు. అదే రోటరు నిమిషానికి 3000 చుట్లు తిరిగితే, ఆ 10 గ్రాములు దాదాపు 30 కిలోల బరువంత బలంతో ఇరుసును బయటికి లాగుతాయి. అదీ ఒక దిక్కుకు కాదు, సెకనుకు 50 సార్లు చుట్టూ తిరుగుతూ లాగుతాయి. బేరింగులు అరిగిపోతాయి, ఓడ మొత్తం వణుకుతుంది. పైగా పొడుగాటి రోటరులో ఈ ఎక్కువ బరువు ఏ చివర ఉందో, ఏ పక్కన ఉందో కనిపెట్టడం కష్టం. ఆగి ఉన్నప్పుడు సమంగా తూగిన రోటరు తిరిగేటప్పుడు అదరవచ్చు.

ఈ పని మీద టీటర్ కుదిరారు. అంతకు ముందు కళ్ళున్న ఇంజనీర్లు తల పట్టుకున్న సమస్య అది. తిరుగుతున్న యంత్రం ఎక్కడ ఎలా అదురుతోందో చేత్తో తాకి పసిగట్టగల నేర్పు ఆయనకు చిన్ననాటి నుంచీ అలవాటై ఉంది. దానికి చదువుకున్న లెక్క తోడైంది. రోటర్లను తిరిగే స్థితిలోనే సమతూకం చేసే పద్ధతిని ఆయన రూపొందించారు. డిస్ట్రాయర్ల పని ముందుకు సాగింది.

యుద్ధం ముగిశాక ఆయన సొంత ఊరికి తిరిగి వచ్చారు. అప్పటికి కుటుంబ వ్యాపారం పట్టాల సైకిళ్ళ నుంచి కార్ల ఇంజన్లకు, అక్కడి నుంచి పిస్టన్ రింగులకు మారింది. 1918లో ఇంజన్ల వ్యాపారం అమ్మేసి రింగుల మీదే నిలబడ్డారు. పిస్టన్ రింగు అంటే ఇంజను సిలిండరులో పిస్టన్ చుట్టూ ఉండే సన్నని ఇనుప కడియం. మండిన వాయువు కిందికి జారకుండా, కింది నూనె పైకి ఎగబాకకుండా కాపలా కాసేది అదే. అది ఎంత గుండ్రంగా ఉంటే అంత మంచిది. అందుకే ఆ కంపెనీకి తర్వాత పెర్ఫెక్ట్ సర్కిల్ అని పేరు పెట్టారు. ఆ పేరుతో అది దేశమంతా ఎరిగిన సంస్థ అయింది. టీటర్ అక్కడ ఇంజనీరుగా ఎదిగి 1946లో అధ్యక్షుడయ్యారు. 1957 వరకు ఆ పదవిలో ఉన్నారు.

ఈ మధ్యలో 1936లో ఇంకో గౌరవం దక్కింది. అమెరికా మోటారు ఇంజనీర్ల పెద్ద సంఘం సొసైటీ ఆఫ్ ఆటోమోటివ్ ఇంజనీర్స్ ఆయన్ను తన అధ్యక్షుడిగా ఎన్నుకుంది. ఈ సంఘం పేరు గుర్తుంచుకోండి. కథ చివర మళ్ళీ వస్తుంది.

లాయరు గారి కారు

టీటర్ కారులో ఎప్పుడూ పక్క సీట్లోనో వెనక సీట్లోనో కూర్చునే ప్రయాణం చేసేవారు. కళ్ళున్న ప్రయాణికుడు కిటికీలోంచి చెట్లూ చేమలూ చూస్తాడు. ఆయనకు ఆ కాలక్షేపం లేదు. ఆయనకు తెలిసేదల్లా ఇంజను శబ్దం, సీటు కదలిక, ఒంటిని ముందుకూ వెనక్కూ తోసే ఊపు. డ్రైవరు ఎంత చక్కగా నడుపుతున్నాడో ఆయన ఒళ్ళే చెప్పేది.

ఆయనకు హ్యారీ లిండ్సే అని పేటెంటు వ్యవహారాలు చూసే లాయరు మిత్రుడు ఒకాయన ఉండేవాడు. ఆయన కారు నడుపుతూ కబుర్లు చెప్పేవాడు. తాను మాట్లాడేటప్పుడు కారు నెమ్మదిగా పోయేది, అవతలివాళ్ళ మాట వినేటప్పుడు వేగం అందుకునేది. కాలు ఏం చేస్తోందో ఆ పెద్దమనిషికే తెలియదు. పక్కన కూర్చున్న టీటర్‌కు మాత్రం ప్రాణం విసిగిపోయేది. ఈ కుదుపులు లేకుండా చేసే మార్గం లేదా అన్న ఆలోచన అలా పుట్టిందని చెబుతారు. మన బస్సుల్లోనూ కబుర్ల డ్రైవరు పక్కన కూర్చున్నవాళ్ళకు ఈ బాధ ఏమిటో విడమర్చి చెప్పనక్కరలేదు.

దీనికి కాలం కూడా తోడు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను ఆగ్నేయాసియాలోని రబ్బరు తోటలున్న దేశాలను ఆక్రమించడంతో అమెరికాకు టైర్ల కరువు వచ్చిపడింది. టైర్లూ పెట్రోలూ ఆదా చేయడానికి 1942లో అక్కడ గంటకు 35 మైళ్ళకు మించి, అంటే సుమారు 56 కిలోమీటర్లకు మించి కారు నడపరాదని ఆంక్ష పెట్టారు. ఖాళీ రోడ్డు మీద అంత నెమ్మదిగా, అదీ ఒకే తీరుగా నడపడం చాలా ఓర్పు కావలసిన పని. వేగాన్ని పట్టి ఉంచే సాధనం ఒకటి ఉంటే ప్రాణాలూ దక్కుతాయి, ఇంధనమూ మిగులుతుంది అని టీటర్‌కు గట్టిగా తోచింది.

స్పీడోస్టాట్

వేగాన్ని అదుపులో ఉంచే యంత్రం అనే భావన ఆయన పుట్టించినది కాదు. 1788 ప్రాంతంలో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి గవర్నరు తగిలించాడు. మన పొలాల్లో నీళ్ళు తోడిన ఆయిలింజన్లకూ గవర్నరు ఉంటుంది. తిరిగే ఇరుసుకు కట్టిన రెండు గుండ్లు వేగం పెరిగితే దూరంగా విచ్చుకుంటాయి, తగ్గితే దగ్గరికి వస్తాయి. ఆ కదలికతో ఇంజనుకు అందే ఆవిరో నూనెనో తగ్గుతుంది, పెరుగుతుంది. కాని ఒక చోట కదలకుండా నిలబడి పని చేసే ఇంజను వేరు, గుట్టలెక్కి దిగుతూ బ్రేకులు వేసుకుంటూ పోయే కారు వేరు. కారులో మనిషి ఉన్నాడు. అతని కాలు ఉంది. మనిషికీ యంత్రానికీ మధ్య ఒప్పందం ఎలా కుదర్చాలి అన్నదే అసలు ప్రశ్న.

టీటర్ ఇచ్చిన జవాబు చాలా అందమైనది. డ్యాష్‌బోర్డు మీద ఉన్న మీట తిప్పి డ్రైవరు వేగం నిర్ణయించుకుంటాడు. చక్రాలను తిప్పే ఇరుసుతో కలిసి తిరిగే గవర్నరు కారు వేగాన్ని పసిగడుతూ ఉంటుంది. నిర్ణయించిన వేగం రాగానే ఇంజను వాక్యూం బలంతో పని చేసే ఒక పిస్టన్ ఎక్సలరేటరు పెడలును వెనక్కి నెడుతుంది. డ్రైవరు అరికాలికి పెడలు బిగిసినట్టు తెలుస్తుంది. ఇంతకు మించి వద్దు అని యంత్రం కాలికి చెబుతోందన్నమాట. నిజంగా అవసరం వచ్చి గట్టిగా తొక్కితే పెడలు లొంగుతుంది.

ఆలోచించి చూడండి. అంతవరకు డ్రైవరు తన వేగం తెలుసుకోవాలంటే రోడ్డు మీది నుంచి చూపు తిప్పి ముల్లు వైపు చూడాలి. టీటర్ యంత్రం ఆ కబురును కాలికి అందించింది. కన్ను రోడ్డు మీదే ఉండవచ్చు. చూపుతో తెలుసుకునే విషయాన్ని స్పర్శతో తెలుసుకునేట్టు మార్చాలన్న ఊహ, జీవితమంతా స్పర్శతో నెట్టుకొచ్చిన మనిషికి గాక మరెవరికి వస్తుంది? ఆయన లోటు అనుకున్నది ఇక్కడ అందరికీ లాభమైంది.

1950 ఆగస్టు 22న దీనికి అమెరికా పేటెంటు లభించింది. కంట్రోల్‌మాటిక్, టచోమాటిక్, ప్రెసోమాటిక్ అని రకరకాల పేర్లు అనుకున్నాక చివరకు స్పీడోస్టాట్ అనే పేరు స్థిరపడింది.

తర్వాత జనం ఇంకొకటి కోరారు. పెడలు వెనక్కి నెట్టడమే కాకుండా, నిర్ణయించిన వేగం దగ్గర యంత్రమే పట్టి ఉంచితే కాలికి పూర్తి విశ్రాంతి గదా అన్నారు. టీటర్‌కు మొదట్లో దీని మీద అంత మొగ్గు లేదు. కాలు పెడలు మీద ఉన్నంతసేపు మనిషి మనసు కూడా బండి మీదే ఉంటుంది. కాలు తీసేస్తే? చివరకు ఆ తాళం ఏర్పాటు కూడా చేర్చారు. కాని బ్రేకును కొంచెం తాకితే చాలు, తాళం ఊడిపోయి కారు మళ్ళీ మనిషి చేతికి వచ్చే విధంగా చేర్చారు. ఈ ఒక్క నియమం ఈనాటి కార్లలోనూ అలాగే ఉంది. బ్రేకు తొక్కితే క్రూయిజ్ కంట్రోల్ తప్పుకోవలసిందే.

ఆయన కంపెనీ అధ్యక్ష పదవి వదిలిన మరుసటి ఏడాది, 1958 మోడలు క్రిస్లర్ కార్లలో ఈ పరికరం ఆటో పైలట్ అనే పేరుతో అమ్మకానికి వచ్చింది. ఆ వెంటనే కాడిలాక్ కార్ల వారు దానికి క్రూయిజ్ కంట్రోల్ అని పేరు పెట్టారు. లోకంలో ఆ పేరే నిలిచింది. 1973లో చమురు సంక్షోభం వచ్చినప్పుడు, 1974లో అమెరికా తన రహదారుల మీద గంటకు 55 మైళ్ళ పరిమితి పెట్టింది. ఒకే వేగంతో పోతే పెట్రోలు ఆదా అవుతుందన్న మాట అప్పుడు ఇంటింటి మాట అయింది, క్రూయిజ్ కంట్రోల్‌కు గిరాకీ పెరిగింది. తన ఊహ జనం చేతికి చేరడం ఆ వృద్ధుడు బతికి ఉండగానే తెలుసుకున్నారు. 1982 ఫిబ్రవరి 15న, 91 ఏళ్ళ వయసులో, పుట్టిన ఊళ్ళోనే కన్నుమూశారు. 1988లో ఆటోమోటివ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేర్చారు.

కారుకు చూపు వచ్చింది

టీటర్ యంత్రానికి ఒక పెద్ద లోటు ఉండేది. దానికి తన వేగం తెలుసు గాని ముందేముందో తెలియదు. ఎదురుగా లారీ నిలబడి ఉన్నా అదే వేగంతో పోతుంది. ఆ చూపు మనిషే అందించాలి. మనం మొదట చెప్పుకున్న ఎడ్లకు ఉన్న బుద్ధి దానికి లేదు.

ఆ లోటు తీర్చే ప్రయత్నం ఆయన పోయిన తర్వాత ఫలించింది. 1992లో జపాను కంపెనీ మిత్సుబిషి ముందున్న వాహనం దూరాన్ని లేజరుతో కొలిచి డ్రైవరును హెచ్చరించే ఏర్పాటు తెచ్చింది. 1995లో అదే కంపెనీ ఆ కొలతను బట్టి కారు తనంతట తాను నెమ్మదించేట్టు చేసింది. అయితే అది బ్రేకులు వేయదు, ఎక్సలరేటరు తగ్గించి గేరు మార్చేది. 1999లో జర్మనీకి చెందిన మెర్సిడెస్ తన పెద్ద కార్లలో రాడారు పెట్టి, అవసరమైతే బ్రేకు కూడా వేసే ఏర్పాటు తెచ్చింది.

రాడారు ఎలా పని చేస్తుంది? కారు ముందు భాగం నుంచి సెకనుకు సుమారు 7700 కోట్ల సార్లు కంపించే రేడియో తరంగాలు వెళ్తాయి. ఆ తరంగం పొడవు దాదాపు 4 మిల్లీమీటర్లే. ముందున్న వాహనానికి తగిలి తిరిగి వచ్చిన తరంగాన్ని బట్టి అది ఎంత దూరంలో ఉందో లెక్క కడుతుంది. తిరిగి వచ్చిన తరంగం కంపనంలో వచ్చిన తేడాను బట్టి, అంటే మనం భౌతికశాస్త్రంలో చదివిన డాప్లర్ ఫలితాన్ని బట్టి, అది దగ్గరవుతోందో దూరమవుతోందో తెలుసుకుంటుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగం మీద కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. రెండు సెకన్ల ఎడం కావాలని డ్రైవరు కోరితే, ముందు బండికి 56 మీటర్ల దూరం ఉండేట్టు యంత్రం చూసుకుంటుంది. చీకటైనా దానికి ఒకటే.

ఇంత తెలివైన యంత్రానికీ గుడ్డితనం ఉంది. రోడ్డు పక్క బోర్డులు, వంతెనల ఇనుము, ఇవన్నీ కూడా తరంగాలను తిప్పికొడతాయి. వాటన్నిటికీ భయపడి బ్రేకు వేస్తూ పోతే ప్రయాణం సాగదు. కనుక కదలకుండా ఉన్న వస్తువులను చాలావరకు లెక్కలోంచి తీసేసేట్టు ఈ రాడార్లను చేశారు. ఫలితంగా వేగంగా పోతున్నప్పుడు రోడ్డు మీద ఆగిపోయిన లారీని యంత్రం సకాలంలో గుర్తించకపోవచ్చు. కారుతో ఇచ్చే పుస్తకంలో ఈ హెచ్చరిక రాసే ఉంటుంది. ఆ పుస్తకం చదివేవాళ్ళు ఎందరు?

2021 ప్రాంతం నుంచి మన దేశంలోనూ ఈ ఏర్పాటు ఉన్న కార్లు మధ్యతరగతికి కొంత అందుబాటులోకి వచ్చాయి. హైదరాబాదు చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు లాంటి చోట ఇది సుఖంగానే ఉంటుంది. అక్కడి నుంచి దిగి మామూలు రోడ్డు ఎక్కితే సంగతి వేరు. మనం ముందు బండికి వదిలిన 50 మీటర్ల ఖాళీలోకి ఒక ఆటో, రెండు మోటారు సైకిళ్ళు దూరతాయి. ఎదురు దిశలో ట్రాక్టరు వస్తుంది. గేదెల మంద రోడ్డు దాటుతుంది. ఘాటు రోడ్డు మలుపులో ముందు బండి రాడారు కంటి నుంచి తప్పుకుంటుంది, దారి ఖాళీ అనుకుని కారు వేగం అందుకోబోతుంది. అలాంటి చోట ఆ మీట ముట్టుకోకపోవడమే తెలివి. ముట్టుకున్నా కాలు బ్రేకుకు దగ్గరలో ఉండాలి, చూపు రోడ్డు మీదే ఉండాలి.

టీటర్ ఒకనాడు అధ్యక్షత వహించిన ఇంజనీర్ల సంఘమే 2014లో కార్ల స్వయంచాలక శక్తిని సున్న నుంచి ఐదు వరకు మెట్లుగా విభజించింది. అడాప్టివ్ క్రూయిజ్ కంట్రోల్ ఒక్కటే ఉన్న కారు వాటిలో ఒకటో మెట్టు మీద ఉంది. రెండో మెట్టు వరకు బాధ్యత అంతా డ్రైవరుదే. పెడలు మీది నుంచి కాలు తీయించడానికి టీటర్ ఎందుకు తటపటాయించారో ఇప్పుడు మనకు అర్థం కావాలి.

మన కాలేజీలకు ఒక మాట

ఈ జీవితంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది పేటెంటు కాదు, 1912 నాటి ఆ పట్టా. ఆ తలుపు తెరుచుకోకపోతే మిగతా కథ ఏమయ్యేది? ఇది దూరదేశపు పాతకాలపు ముచ్చట అని తోసివేయడానికి వీల్లేదు. మచిలీపట్నం దగ్గర పల్లెలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ పుట్టుకతోనే అంధుడు. పదో తరగతి మంచి మార్కులతో గట్టెక్కి ఇంటర్మీడియట్‌లో సైన్సు చదువుతానంటే, చూపు లేనివారికి కుదరదన్నారు. కోర్టుకెక్కి ఆ హక్కు సాధించుకోవలసి వచ్చింది. ఇక్కడ ఐఐటీ కోచింగు కూడా దొరకని ఆయన 2009లో అమెరికాలోని ఎంఐటీలో చేరారు. తిరిగి వచ్చి 2012లో హైదరాబాదులో పరిశ్రమ పెట్టి వికలాంగులకు ఉద్యోగాలిచ్చారు. పెన్సిల్వేనియాలో టీటర్ చదివిన నూరేళ్ళకు కూడా మన దగ్గర అదే ప్రశ్న అడుగుతున్నాం. 2016 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో వికలాంగులకు కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలి. సీటు కాగితం మీద ఇవ్వడం ఒక ఎత్తు. లేబొరేటరీలో పనిముట్టు చేతికివ్వడం ఇంకో ఎత్తు. హేగర్స్‌టౌన్‌లో ఆ తల్లిదండ్రులు చేసింది ఆ రెండో పని.

లెక్చరర్లకు కూడా టీటర్ ఒక జ్ఞాపకం మిగిల్చారు. ఇంజనీరింగు బోధించే యువ అధ్యాపకులకు ఆయన పేరుతో ఆ ఇంజనీర్ల సంఘం బహుమతి ఇస్తోంది. ఇండియానాలోని అర్లమ్ కాలేజీలో ఆయన పేరు మీద ఒక ప్లానిటేరియం ఉంది. ఐదేళ్ళ తర్వాత ఆకాశం చూడని మనిషి పేరున్న గదిలో కూర్చుని అక్కడి విద్యార్థులు నక్షత్రాలు చూస్తున్నారు.

వచ్చే ఏడాది మన కాలేజీ వర్కుషాపు గుమ్మం దగ్గరికి తెల్ల కర్ర పట్టుకుని ఒక కుర్రాడో అమ్మాయో వస్తే, ఎలా చదువుతావు అని మనం అడుగుతాం. అడగడంలో తప్పు లేదు. జవాబు వచ్చేదాకా ఆగి వింటామా అన్నదే చూసుకోవాలి.